గాలి తీసినప్పుడల్లా మోగే అలారం: ఇసుకకూ కొండకూ వెళ్లే బండికి ఎలాంటి టీపీఎంఎస్ కావాలి?

క్లుప్తంగా

టైర్లో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరించే టీపీఎంఎస్ (టైర్ ప్రెషర్ మానిటరింగ్ సిస్టమ్) ఇప్పుడు చాలా బండ్లతోనే వస్తోంది, లేనివాళ్లు బయట కొని పెట్టించుకుంటున్నారు. కానీ దీన్ని తారురోడ్డును దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. ఇసుక కోసమో రాళ్ల దారి కోసమో కావాలనే గాలి తీసే బండికి ఒక దీపం వెలిగితే సరిపోదు, ఏ టైర్లో ఎంత ఉందో అంకె కనబడాలి, హెచ్చరిక హద్దును మార్చుకునే వీలుండాలి. సెన్సర్ వాల్వు మీద ఉండాలా, రిమ్ము లోపల ఉండాలా అన్నది ఆ యజమాని గాలి ఎక్కువసార్లు తీస్తాడా, టైరు ఎక్కువసార్లు విప్పిస్తాడా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఉప్పుగాలి తగిలే చోట సెన్సర్ కంటే ముందు వాల్వు పాడవుతుంది.

ఒక్క రోజులో నాలుగు రకాల నేల

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే జీపులూ ఎస్‌యూవీలూ ఒక్క రోజులోనే రకరకాల నేల చూస్తాయి. పొద్దున్న పదహారో నంబరు జాతీయ రహదారి మీద వంద స్పీడులో వచ్చిన బండే మధ్యాహ్నానికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఇసుక బాటలోకి దిగుతుంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారుల్లో అంచు తేలిన రాతి ముక్కలుంటాయి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే అరకు చేరేసరికి సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సాలూరు, సీతంపేట వైపు ఏజెన్సీ ఊళ్లకు వెళ్లాలంటే వానాకాలంలో గెడ్డలు (కొండవాగులు) దాటాలి, వంతెన లేని చోట నీళ్లలోంచే.

వీటన్నిటికీ ఒకే గాలి సరిపోదు. తారురోడ్డు మీద 32 పాయింట్లతో (పీఎస్ఐ) నడిచే టైరును అలాగే వదులు ఇసుకలోకి దింపితే, నేలను తాకే భాగం చిన్నదై, బరువంతా అక్కడే పడి, టైరు ఇసుకను తవ్వుకుంటూ కిందికి పోతుంది. గాలి 16కో 18కో దించితే టైరు పొడుగ్గా పరుచుకుని బరువును ఎక్కువ చోటికి పంచుతుంది, బండి ఇసుక పైపైనే సాగిపోతుంది. రాళ్ల దారిలోనూ కాస్త మెత్తగా ఉన్న టైరు రాయిని పట్టుకుని కదులుతుంది. అయితే క్వారీ దారుల్లో గాలి మరీ తీస్తే టైరు పక్కభాగమైన సైడ్‌వాల్ ఉబ్బి బయటికి వస్తుంది, గ్రానైట్ ముక్క సరిగ్గా అక్కడే కోస్తుంది. అందుకే అక్కడ 26కి కిందికి దింపకపోవడమే మేలు.

ఇలా దించిన టైర్లతోనే మళ్లీ హైవే ఎక్కి స్పీడు అందుకోవడం అన్నిటికంటే ప్రమాదం. చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ వంగి లేస్తుంది, ఆ వంగడంలో వేడి పుడుతుంది, వేడికి లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, కొంత దూరం పోయాక టైరు పేలుతుంది. టీపీఎంఎస్ అసలు అక్కరకొచ్చేది ఇక్కడే, గాలి తగ్గిందన్న కబురుతో పాటు ఏ టైర్లో ఎంత తగ్గింది, ఎంత త్వరగా తగ్గుతోంది, లోపల ఎంత వేడుంది అన్న లెక్క దాన్నుంచి రావాలి.

ఇసుక అన్నప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి. తోటల మధ్య బాటలు వేరు, సముద్రపు ఒడ్డు వేరు. బారువ, కళింగపట్నం లాంటి చోట్ల చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ ఇసుక మీదికి ఎన్ని పాయింట్ల గాలితోనైనా బండి ఎక్కించకూడదు.

దీపం ఎవరి కోసం పుట్టింది

అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ (నేలను తాకే పైపొర) ఊడిపోయి, బండ్లు బోల్తాపడి, 200 మందికి పైగా చనిపోయిన ఉదంతం 2000లో పెద్ద దుమారం రేపింది. తక్కువ గాలి, ఎండ, వేగం కలిస్తే టైరు ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అదే ఏడాది అక్కడ చట్టం వచ్చింది, 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లు, చిన్న ట్రక్కులన్నిటికీ టీపీఎంఎస్ తప్పనిసరి అయింది. యూరప్‌లో 2014 నవంబరు నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ ఉండాలన్నారు.

మన దగ్గర ఇది ఇంకో దారిలో వార్తల్లోకి వచ్చింది. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నియమాలను సవరించింది. మూడున్నర టన్నుల లోపు బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు కిట్టు, టీపీఎంఎస్ మూడూ ఉంటే కంపెనీ స్టెప్నీ ఇవ్వనక్కర్లేదన్నది దాని సారాంశం. జనంలోకి మాత్రం ఇది 'టీపీఎంఎస్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదట' అని వెళ్లింది. ఊళ్లో తిరిగే చిన్న కారుకు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. కొండదారిలో తిరిగే బండికి అస్సలు చెల్లదు, ఎందుకంటే కిట్టులోని రబ్బరు పుల్లలు ట్రెడ్‌లో దిగిన మేకు రంధ్రానికే పనికొస్తాయి. రాయి సైడ్‌వాల్‌ను కోస్తే అక్కడ పంక్చరు వేయడం కుదరదు, టైరు మార్చాల్సిందే. సీతంపేట పైన ఏ గూడెం దగ్గరో అలా జరిగితే టీపీఎంఎస్ మీటరు చెప్పే అంకె కంటే వెనక తలుపుకి బిగించిన స్టెప్నీయే ఆదుకుంటుంది.

అమెరికా నిబంధన ప్రకారం గాలి ఉండాల్సిన దానికంటే 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. అంటే 32 ఉండాల్సిన టైర్లో 24కి వచ్చినప్పుడు. కంపెనీలు తమతమ హద్దులు పెట్టుకున్నా పద్ధతి అదే. తారురోడ్డుకి ఇది సరైన లెక్కే. ఇసుకలోకి దిగే ముందు నాలుగు టైర్లూ 18కి దించిన బండిలో మాత్రం దీపం వెలిగి, అలాగే వెలుగుతూ ఉండిపోతుంది. ఆ తర్వాత ఒక టైర్లో ముల్లు దిగి 18 కాస్తా 11 అయినా దీపంలో ఏ మార్పూ ఉండదు, అది అప్పటికే వెలుగుతోంది కాబట్టి. అంత తక్కువ గాలిలో మలుపు తిప్పితే టైరు అంచు రిమ్మును వదిలేసి ఊడిపోతుంది. సరిగ్గా హెచ్చరిక కావలసిన చోట వ్యవస్థ మూగబోతుందన్న మాట.

కొలిచేవి కొన్ని, ఊహించేవి కొన్ని

కొన్ని కార్లలో టైర్లోపల ఏ సెన్సరూ ఉండదు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుల కోసం ప్రతి చక్రానికీ ఉండే స్పీడు సెన్సర్ల నుంచే లెక్క కడతారు. గాలి తగ్గిన టైరు కాస్త కుంగుతుంది కాబట్టి, మిగతా టైర్లతో పాటు అదే దూరం వెళ్లడానికి ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ తేడాను కంప్యూటరు పట్టుకుని దీపం వెలిగిస్తుంది. ఖర్చు తక్కువ, బ్యాటరీల గొడవ లేదు. అయితే ఇది గాలిని కొలవదు, ఊహిస్తుంది అంతే. అంకె చూపించదు. నాలుగు టైర్లూ నెలల తరబడి సమానంగా తగ్గుతూ పోతే తేడానే తక్కువ కాబట్టి గుర్తుపట్టడం కష్టం.

ఇసుకలో, బురదలో చక్రాలు ఎలాగూ జారుతూ తిరుగుతాయి, అక్కడ చుట్ల లెక్కకు అర్థమే ఉండదు. ఫోర్‌వీల్ లివరు వేస్తే ముందు వెనక యాక్సిళ్లు కలిసి తిరిగే మహీంద్రా థార్, ఫోర్స్ గూర్ఖా తరహా బండ్లలో ఆ తేడా ఇంకా చెదిరిపోతుంది. పైగా గాలి మార్చిన ప్రతిసారీ రీసెట్ బటన్ నొక్కి, బండి కొంత దూరం నడిపి, కొత్త లెక్క నేర్పాలి. 18 దగ్గర రీసెట్ చేసి, తర్వాత 32 కొట్టించి రీసెట్ మరిచిపోతే అది తప్పుడు కొలతతోనే పని చేస్తుంది. కాబట్టి దారి వదిలి తిరిగే బండికి ఈ రకాన్ని నమ్ముకోవడం అనవసరం.

నేరుగా కొలిచే రకం అలా కాదు. ప్రతి చక్రంలోనూ ఒక చిన్న సెన్సర్, దానికో బ్యాటరీ, ఒక రేడియో. గాలి ఎంతో, వేడి ఎంతో కొలిచి పంపుతుంది. మన దేశంలోనూ యూరప్‌లోనూ ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద, అమెరికాలో చాలావరకు 315 మీద. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన సెన్సర్ ఇక్కడి బండిలో పలకకపోవడానికి ఒక కారణం ఇదే. మహీంద్రా తన థార్‌లో టైర్‌ట్రానిక్స్ పేరుతో ఇచ్చింది నేరుగా కొలిచే వ్యవస్థే. బయట దొరికే కిట్లన్నీ కూడా ఈ కోవలోవే.

గాలి పోకపోయినా అంకె మారుతుంది

'డిసెంబరు రాగానే పొద్దున్నే దీపం వెలుగుతోంది, పంక్చరు షాపులో చూస్తే ఏమీ లేదంటున్నారు' అన్నది చాలామంది ఫిర్యాదు. ఇందులో సెన్సర్ తప్పేమీ లేదు. టైర్లోపలి గాలి అయిదారు డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక పాయింటు తగ్గుతుంది. మే నెలలో 38 డిగ్రీల ఎండలో 32 కొట్టించిన టైరు, ఒక్క చుక్క గాలి కూడా పోకుండా, డిసెంబరు తెల్లవారుజామున 16 డిగ్రీల చలికి 29 కంటే కాస్త కిందికే వస్తుంది. దీనికి తోడు బాగున్న టైరు కూడా రబ్బరు గుండా నెలకి ఒక పాయింటు వరకు వదులుతుంది. మే నుంచి డిసెంబరు దాకా మళ్లీ గాలి చూడకపోతే హద్దు దాటడం ఖాయం.

దీన్నే తిరగేసి చూస్తే హైవే మీద జరిగేది తెలుస్తుంది. పొద్దున్న 28 డిగ్రీల దగ్గర 32 ఉన్న టైరు ఎండలో, వేగంలో లోపల 60 డిగ్రీలకు చేరితే 37 చూపిస్తుంది. అది చూసి టెన్షన్ పడి గాలి తీసి మళ్లీ 32కి దించడం తప్పు. చల్లారాక అది 27, 28 మధ్యకు వస్తుంది, మర్నాడు తక్కువ గాలితో బయల్దేరినట్టవుతుంది. డోరు దగ్గర అతికించిన స్టిక్కరు మీది అంకె చల్లని టైరుకు సంబంధించింది, అంటే కనీసం మూడు గంటలు నిలిపి ఉంచాక చూసిన కొలత.

అరకు దారిలో ఇంకో వింత ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, తొమ్మిది వందల మీటర్ల దగ్గర సుమారు ఒకటిన్నర పాయింట్లు. లోపల గాలి అంతే ఉన్నా బయట తగ్గింది కాబట్టి చేతి గేజి ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. మరోవైపు కొండ మీద పది పన్నెండు డిగ్రీల చలి ఎక్కువ ఉంటే అంతకు సరిపడా తగ్గిస్తుంది. రెండూ కలిసి ఇంచుమించు చెల్లుకు చెల్లు. అయితే చాలా సెన్సర్లు లోపలి మొత్తం ఒత్తిడిని కొలిచి, అందులోంచి సముద్రమట్టపు ఒత్తిడిని ఒకే లెక్కన తీసేసి చూపిస్తాయి, వాటికి ఎత్తు సంగతి తెలియదు. అందుకే కింద చేతి గేజితో సరిపోయిన మీటరు కొండ మీద ఒకటి రెండు పాయింట్లు తేడా చూపిస్తే అది పాడైందని అనుకోనక్కర్లేదు.

వాల్వు మీదా, రిమ్ము లోపలా

ఎంచుకోవడంలో అసలు పేచీ ఇక్కడ. వాల్వు మూత తీసి దాని స్థానంలో బిగించే సెన్సర్లు చవక, ఎవరికి వారే పెట్టుకోవచ్చు, బ్యాటరీ అయిపోతే కొత్త బటన్ సెల్లు వేసుకోవచ్చు. రిమ్ము లోపల బిగించే వాటికి టైరు విప్పించాలి, బ్యాటరీ సీలు వేసి ఉంటుంది కాబట్టి అయిపోతే సెన్సర్ మొత్తం మార్చాలి. ఇంతవరకు అందరూ చెప్పేదే. దారి వదిలి తిరిగే బండి విషయంలో దీని కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది.

బయటి సెన్సర్ గాలిని కొలవాలంటే వాల్వులోని పిన్నును నొక్కి పట్టి ఉంచాలి. అంటే అది బిగించి ఉన్నంతసేపూ వాల్వు తెరిచే ఉంటుంది, గాలిని ఆపుతున్నది ఆ సెన్సర్ లోపలి చిన్న రబ్బరు వాషరు మాత్రమే. ఆ వాషరు ఎండకు గట్టిపడినా, దాని కింద ఇసుక రేణువు చిక్కినా, సెన్సర్ కాస్త వదులైనా గాలి సన్నగా పోతూనే ఉంటుంది. రాయి తగిలి సెన్సర్ పూర్తిగా ఊడిపోతే నయం, పిన్ను పైకి లేచి వాల్వు మూసుకుంటుంది. సగం విరిగి మర మాత్రం వాల్వులోనే ఉండిపోతే పిన్ను నొక్కుకునే ఉంటుంది, టైరు అక్కడికక్కడే ఖాళీ అవుతుంది. పొదల మధ్య, లోతు గాడిల్లో, రాళ్ల గట్లను రాసుకుంటూ నడిచే బండికి ఇది నిజమైన ప్రమాదమే.

దీనికి తోడు గాలి తీయాల్సి వచ్చిన ప్రతిసారీ నాలుగు సెన్సర్లూ విప్పాలి. దొంగల భయానికి కింద తాళం నట్టు కూడా బిగించి ఉంటే చిన్న స్పానరు వెతుక్కుని, ఇసుకలో కూర్చుని ఒక్కొక్కటీ తీసి, గాలి తగ్గించి, మళ్లీ బిగించాలి. తిరిగి వచ్చాక గాలి కొట్టేటప్పుడు మళ్లీ అదే పని. నాలుగోసారికి ఎవరికైనా విసుగొస్తుంది, సెన్సర్లు డ్యాష్‌బోర్డు అరలోకి చేరతాయి.

కాబట్టి వారం వారం ఇసుకకో బురదకో వెళ్తూ గాలి తీసి కొట్టేవాళ్లకి లోపలి సెన్సర్లే నయం. వాల్వు మామూలుగానే ఉంటుంది, రాయి తగలదు, దొంగకి కనబడదు. హైవేకి ఒక జత, రాళ్ల దారికి ఇంకో జత టైర్లు ఒకే రిమ్ముల మీద మార్చుకునేవాళ్లకి, క్వారీ పనిమీద తిరుగుతూ తరచూ టైరు విప్పించాల్సి వచ్చేవాళ్లకి బయటివి నయం. టైరు విప్పిన ప్రతిసారీ లోపలి సెన్సర్‌కి గండమే.

ఏజెన్సీ దారుల్లో జనాన్ని ఎక్కించుకుని తిరిగే పాత జీపులకు, ట్యూబు టైర్లున్న వేటికైనా ఎంపికే లేదు. వాల్వు ట్యూబుకి అతికి ఉంటుంది కాబట్టి లోపలి సెన్సర్ పట్టదు, బయటిదే పెట్టాలి. ట్యూబు టైర్లో గాలి మరీ తీయకూడదు కూడా, టైరు రిమ్ము మీద జారితే ట్యూబు వాల్వు దగ్గర తెగిపోతుంది. వెనక టైర్లలో నీళ్లు నింపే ట్రాక్టర్లకు ఈ కిట్ల వల్ల పెద్దగా ఉపయోగం లేదు.

బయటి సెన్సర్ పెట్టదలిస్తే ముందు రబ్బరు వాల్వులు తీయించి లోహపు వాల్వులు వేయించాలి. సెన్సర్ బరువు కొద్ది గ్రాములే అయినా చక్రం వేగంగా తిరిగేటప్పుడు అది చాలా రెట్లయి వాల్వును బయటికి లాగుతుంది, పాత రబ్బరు మొదట్లో పగులుతుంది.

హద్దు ఎవరి చేతిలో ఉంది

కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న స్క్రీను సైజు గురించి కాదు, తక్కువ గాలి హద్దును సొంతంగా మార్చుకోవచ్చా అన్నది. ఎంత కిందికి మార్చుకోవచ్చు అన్నది రెండోది. కొన్ని కిట్లలో 20కి దిగువ హద్దు పెట్టడమే కుదరదు, అవి ఇసుకకు పనికిరావు. 16తో తిరిగేటప్పుడు హద్దు 13 దగ్గర పెట్టుకోగలిగితే అలారం మళ్లీ అర్థవంతం అవుతుంది. 32తో హైవే మీద తిరిగేటప్పుడు 26 దగ్గర, ఎక్కువ గాలి హద్దు 40 దగ్గర, వేడి హద్దు 70 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే అనవసరపు మోతలు తగ్గుతాయి. ముందు వెనక యాక్సిళ్లకు వేరువేరు హద్దులు పెట్టుకునే వీలుంటే, వెనక లోడు వేసుకునే పికప్ బండ్లకు అది బాగా ఉపయోగం.

బండితో వచ్చే వ్యవస్థల్లో చాలావాటికి ఈ వీలు ఉండదు. అలాంటప్పుడు దీపాన్ని పట్టించుకోకుండా అంకెల పేజీని తెరిచి పెట్టుకోవడం ఒక్కటే మార్గం. అంకెలు కూడా చూపించని బండి అయితే, ఇసుకలో ఉన్నంతసేపూ ఆగిన ప్రతిచోటా దిగి చేతి గేజితో చూసుకోవాలి.

స్క్రీను, యాప్ విషయాలు రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. సోలార్ స్క్రీన్లు మే ఎండలో మూసి ఉంచిన బండి అద్దం దగ్గర 60 డిగ్రీలు దాటిన వేడికి బ్యాటరీ ఉబ్బి పాడవుతాయి, యూఎస్‌బీతో నడిచేవి నయం. బ్లూటూత్‌తో ఫోనుకి చెప్పేవి ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చగానే మాట్లాడటం మానేస్తాయి, ఏజెన్సీలో మ్యాపు చూసే ఫోనే టైరు కాపలా కూడా కాయాలంటే కష్టం.

నిదానంగా పోయే బండి, నిద్రపోయే సెన్సర్

బ్యాటరీ ఆదా కోసం లోపలి సెన్సర్లు ఎప్పుడూ మెలకువగా ఉండవు. చక్రం ఒక వేగం దాటి తిరిగితేనే లోపలి చలన సెన్సర్ దాన్ని లేపుతుంది. చాలా కంపెనీ సెన్సర్లకు అది గంటకు ఇరవై నుంచి ముప్పై కిలోమీటర్ల మధ్య. మేల్కొన్నాక కూడా నిమిషానికి ఒకసారో అంతకంటే తక్కువగానో పంపుతుంది. ఉన్నట్టుండి గాలి పడిపోతే వెంటనే పంపేవీ ఉన్నాయి.

ఘాట్ పక్కన మట్టిదారిలో పది కిలోమీటర్ల వేగంతో గంటసేపు పాకే బండికి ఇది అర్థమవ్వాలి. స్క్రీను మీద కనిపిస్తున్న 24 ఇప్పటిది కాకపోవచ్చు, తారురోడ్డు వదిలినప్పటిది కావచ్చు. గాలి తీసిన వెంటనే స్క్రీను మారకపోవడానికీ ఇదే కారణం. కొనేటప్పుడు, నిలిచి ఉన్న బండిలో గాలి తీసి చూపించమని అడిగితే తేడా తెలిసిపోతుంది. బయటి సెన్సర్లలో కొన్ని చలనంతో పని లేకుండా నిర్ణీత వ్యవధిలో పంపుతూనే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో అవి లోపలివాటి కంటే మేలు, కానీ వాటి సెల్లు ఏడాదికో రెండేళ్లకో అయిపోతుంది.

గెడ్డ దాటేటప్పుడు వేడెక్కిన టైరు చన్నీళ్లలో మునిగితే అంకె కాస్త తగ్గుతుంది, అది మామూలే. ఒడ్డెక్కాక కూడా ఒక్క టైర్లోనే తగ్గుతూ పోతే దిగి చూడాలి.

ఉప్పుగాలి ముందు తినేది వాల్వునే

శ్రీకాకుళానికి రాష్ట్రంలోనే పొడవైన తీరం ఉంది, విజయనగరం వైపు భోగాపురం, పూసపాటిరేగ మండలాలు సముద్రం ఒడ్డునే ఉన్నాయి. ఆ తేమలో ఉప్పు ఉంటుంది. లోపలి సెన్సర్లతో వచ్చే లోహపు వాల్వులు ఎక్కువగా అల్యూమినియంవి. అందులో మామూలు ఇత్తడి పిన్ను వేసినా, పైన ఇత్తడి మూత బిగించినా, రెండు వేరువేరు లోహాల మధ్య ఉప్పునీళ్లు చేరి అల్యూమినియాన్ని తినేస్తాయి. కొన్నాళ్లకి మూత తిరగదు, బలంగా తిప్పితే వాల్వే విరుగుతుంది, దానితో పాటు సెన్సర్ కూడా పోవచ్చు. నికెల్ పూత ఉన్న పిన్ను, ప్లాస్టిక్ మూత వాడితే ఈ గొడవ లేదు. షాపులో పిన్ను మార్చేటప్పుడు చేతికందిన ఇత్తడిది వేసేయడం చాలా చోట్ల జరుగుతుంది, బండి యజమాని అక్కడ నిలబడి అడగాలి.

ఒడ్డు దగ్గర తిరిగి వచ్చిన రోజే మంచినీళ్లతో వాల్వు చుట్టూ కడిగితే చాలు. నెలకోసారి మూతలు విప్పి మళ్లీ వేయాలి, సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. బయటి సెన్సర్ లోపలి వాషరును వర్షాలకు ముందు ఒకసారి మార్చుకోవడం మంచిది, అది చాలా చవకైన వస్తువు. సెన్సర్‌ను చేత్తోనే బిగించాలి, కటింగ్ ప్లేయరుతో బిగిస్తే వాషరు నలిగి అక్కడే లీకు మొదలవుతుంది.

పంక్చరు షాపులో

లోపలి సెన్సర్ చచ్చిపోయేది ఎక్కువగా దారిలో కాదు, టైరు విప్పేటప్పుడే. టైరు అంచును రిమ్ము నుంచి విడదీసే పలుగు వాల్వు పక్కనే దిగితే సెన్సర్ ప్లాస్టిక్ గూడు పగులుతుంది. సెన్సర్ ఉందని పని మొదలుపెట్టకముందే చెప్పాలి, వాల్వుకు ఎదురుగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టమనాలి. పక్కాగా పని చేసే మేస్త్రీలు ఈ జిల్లాల్లో చాలామందే ఉన్నారు, కానీ బయటి నుంచి చూస్తే లోపల సెన్సర్ ఉందో లేదో వాళ్లకు తెలియదు. వాల్వు దగ్గర రిమ్ము మీద చిన్న రంగు గుర్తు పెట్టించుకుంటే చెప్పడం మరిచినా పని జరుగుతుంది.

పంక్చరు కాకుండా ముందే టైర్లో పోయించే జిగురు ద్రవం ఇంకో శత్రువు. లోపలి సెన్సర్‌కి గాలి తగిలే సన్నని రంధ్రంలోకి అది చేరి గడ్డకడితే, టైర్లో గాలి ఎంత మారినా సెన్సర్ అదే అంకె చూపిస్తుంది. బయటి సెన్సర్‌కీ వాల్వు దారిలో అదే సమస్య. తప్పనిసరై ద్రవం వాడినా, టైరు విప్పినప్పుడు సెన్సర్‌ను మెత్తని గుడ్డతో తుడిపించాలి.

టైర్లను ముందు వెనకలకు మార్చాక మీటరుకు ఆ సంగతి చెప్పాలి. చెప్పకపోతే వెనక కుడి టైర్లో గాలి పోతుంటే ముందు ఎడమది మోగుతుంది, చీకట్లో తప్పుడు చక్రం దగ్గర కూర్చుని వెతకాల్సి వస్తుంది. కొన్ని బండ్లు కాస్త దూరం నడిస్తే తామే నేర్చుకుంటాయి, కొన్నిటికి మెనూలో మార్చాలి, కొన్నిటికి సర్వీసు సెంటరు పరికరం కావాలి. స్టెప్నీలో అయిదో సెన్సర్ ఉంటే దాన్నీ ఈ లెక్కలో కలపాలి. ఏ మీటరున్నా ఒక మంచి చేతి గేజి బండిలో ఉండాలి, నెలకోసారి చల్లని టైర్ల మీద రెండిటినీ పోల్చి చూడాలి. బంకుల్లో గాలి మెషీన్లు ఒకదానికొకటి రెండు మూడు పాయింట్లు తేడా చూపించడం కొత్తేమీ కాదు.

దీపం వెలిగే తీరులోనూ తేడా ఉంది. చాలా బండ్లలో స్టార్ట్ చేయగానే నిమిషం పైగా మినుకుమినుకుమని తర్వాత నిలిచి వెలిగితే అది గాలి గురించి కాదు, ఏదో ఒక సెన్సర్ పలకడం లేదని. మొదటి నుంచీ నిలకడగా వెలిగితే గాలి తక్కువైందని.

బ్యాటరీలు ఒకేసారి అయిపోతాయి

లోపలి సెన్సర్ బ్యాటరీ అయిదు నుంచి పదేళ్లు వస్తుంది, ఎక్కువ తిరిగే బండికి తక్కువ కాలం. నాలుగూ ఒకే రోజు బిగించినవి కాబట్టి ఒకటి ఆగిందంటే మిగతావాటికీ రోజులు దగ్గరపడినట్టే. రెండో తరం థార్ అమ్మకానికొచ్చింది 2020 అక్టోబరులో. ఆ తొలి బండ్ల సెన్సర్లు ఇప్పటికే ఈ వయసులోకి వచ్చేశాయి, రాబోయే కొన్నేళ్లలో ఈ దీపాలు వరసగా వెలుగుతాయి. అప్పుడు టైర్లు కూడా అరిగి ఉంటే రెండు పనులూ ఒకేసారి చేయించుకోవడం మేలు, టైరు విప్పే కూలీ ఒకసారే పడుతుంది. మార్చేటప్పుడు వాల్వు కింది రబ్బరు, నట్టు, వాషరు, పిన్ను కలిపి కొత్త సర్వీసు కిట్టు వేయమని అడగాలి. కొత్త సెన్సర్ కొనేముందు అది 433 మీదే పని చేస్తుందా, ఆ మోడల్ బండి దాన్ని గుర్తిస్తుందా అన్నది పాత సెన్సర్ మీద అచ్చువేసిన పార్టు నంబరుతో సరిచూసుకోవాలి. ఆ నంబరు టైరు విప్పితే తప్ప కనబడదు, కాబట్టి ఏ కారణంతో టైరు విప్పినా అప్పుడే ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి.